యాడికి, ఎందుకు, ఎవరితో?

బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి’ అని అడగకూడదంటారు. అడిగితే వెళ్ళే పని చెడుతుందట. మా గిద్దలూరు వైపు ఈ నమ్మకం గట్టిగానే ఉంది. మగవాళ్ళు చెప్పులేసుకుని వాకిట్లోకి దిగాక ఎవరైనా నోరు జారి ‘యాడికి?’ అంటే, విసుక్కుంటూ వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరిన పెద్దవాళ్ళను నేను చూశాను. ఈ పట్టింపు ఆడవాళ్ళ విషయంలో పాటించగా మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆడమనిషి చేతిసంచీ తీసుకుంటే చాలు, యాడికి? ఎందుకు? ఎవరితో? మళ్ళీ ఎప్పుడొస్తావు? ఇంట్లోవాళ్ళే కాదు, అరుగు మీద కూర్చున్నవాళ్ళూ, బస్టాండులో సోడాలమ్మే అతనూ అడుగుతారు. అడిగిన ప్రతిసారీ పని చెడేటట్లయితే మా పనులు ఒక్కటీ అయ్యేవి కావు!

అడిగేవాళ్ళలో చెడ్డతనం ఉందని కాదు. చాలాసార్లు అది పలకరింపే. కానీ ఆ పలకరింపుకి జవాబు సిద్ధం చేసుకోకుండా గడప దాటలేని పరిస్థితి ఎందుకొచ్చింది? ఒక మనిషి ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలడానికి కారణం చూపించాలా? చూపించక తప్పదంటే, ఆ కారణం నిజమైనదే అయ్యుండాలా? ఈ రెండు ప్రశ్నలూ నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

నిజానికి ఆడవాళ్ళు కదలని కాలమంటూ ఎప్పుడూ లేదు. మా పశ్చిమ ప్రకాశంలో అయితే మరీను. ఫ్లోరైడు నీళ్ళ ప్రాంతం మాది. మంచినీళ్ళ కోసం బిందెలతో, తర్వాత ప్లాస్టిక్ క్యాన్లతో ఆడవాళ్ళు నడిచిన దూరాలు ఎవరైనా కలిపి లెక్కేస్తే కాశీకి ఎన్నిసార్లు వెళ్ళొచ్చినట్లయ్యేదో! దాన్ని ఎవరూ ప్రయాణం అనలేదు. వానలు లేని ఏడు మిరపకాయల కోతలకు గుంటూరు వైపు వెళ్ళే ఆడవాళ్ళను లారీలో, ఆటోలో కుక్కి తీసుకుపోతారు. చంటిపిల్లలతో సహా నెలల తరబడి ఎవరి చేలగట్ల మీదో పడుకుంటారు. వాళ్ళనెవరూ ఎందుకని అడగరు. అడవికి కట్టెలకు పోయేవాళ్ళనూ అడగరు. 2024 జూన్‌లో గిద్దలూరు-నంద్యాల దారిలో పచ్చెర్ల దగ్గర కట్టెలకు వెళ్ళిన ఒక మహిళను చిరుతపులి చంపింది. ‘అడవి ప్రమాదం, ఆడవాళ్ళు వెళ్ళకూడదు’ అని ఎవరూ అనరు, ఎందుకంటే పొయ్యి వెలగాలి కదా. అదే అడవిని ఊరికే చూసొద్దామని ఒక ఆడపిల్ల అంటే పులులూ, దొంగలూ, కాలం బాగాలేకపోవడం... అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రయాణం పెళ్ళి. పుట్టిన ఊరు, ఇంటి వాసన, స్నేహితురాళ్ళు, కొన్నిసార్లు భాష కూడా వదిలేసి వెళ్ళే ప్రయాణం. దాన్ని కూడా ఎందుకని ఎవరూ అడగరు. మాకు దగ్గర్లోనే కంభం చెరువుంది. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్టిన ఆ చెరువుకి 2020లో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చారు. కట్టించింది శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు అని ఇక్కడ చెప్పుకుంటారు. ఓడిపోయిన తండ్రి సంధి కోసం ఇచ్చిన పిల్ల. రాయలు ఆమెను పట్టించుకోలేదనీ, ఆమె కంభంలో ఒంటరిగా బతికి ఆ చెరువు తవ్వించిందనీ కథ. అందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది అలా ఉంచండి. ఒరిస్సా నుంచి నల్లమల దాకా వచ్చిన ఆ రాజకుమార్తెను ‘నీకెక్కడికి వెళ్ళాలనుంది?’ అని అడిగినట్లు ఏ కథలోనూ లేదు.

అంటే కదలిక మీద అభ్యంతరం లేదు. ఇంటి కోసం, కూలి కోసం, కులం కోసం, మగవాళ్ళ సంధుల కోసం ఎంత దూరమైనా కదలొచ్చు. తన కోసం కదలడం దగ్గరే తకరారు.

ఇక్కడే దేవుడు పనికొచ్చాడు.

మా అత్తగారి తరం ఆడవాళ్ళు చాలా తెలివైనవాళ్ళు. ఆమె జీవితంలో చూసిన ఊళ్ళన్నీ మొక్కుల ఊళ్ళే. పెద్ద కొడుకు జ్వరం తగ్గితే శ్రీశైలం, రెండోవాడు పదో తరగతి గట్టెక్కితే మహానంది, కూతురి కాన్పు క్షేమంగా జరిగితే అహోబిలం. ఏటా మార్కాపురం చెన్నకేశవస్వామి తేరు. మామగారు పిసినారి. సినిమాకి రూపాయి ఇచ్చేవాడు కాదు గానీ ముడుపు కట్టానంటే నోరెత్తేవాడు కాదు. దేవుడి బాకీ పెట్టుకుంటే ఎవరికి క్షేమం! ఒకసారి ఆమెను అడిగాను, ‘అత్తా, నువ్వు నిజంగా మొక్కుకున్నావా, లేకపోతే వెళ్ళాలనిపించి మొక్కు పుట్టించావా?’ అని. చాలాసేపు నవ్వింది. ‘దేవునికి అబద్ధం చెప్పలేదులే పాపా, మీ మామకే చెప్పింది’ అంది.

ఈ జవాబును పట్టుకుని ‘చూశారా, భక్తి అంతా నాటకమే’ అనే హేతువాదులుంటారు. నేను వాళ్ళతో ఏకీభవించను. శ్రీశైలంలో మల్లన్న ముందు నిలబడ్డప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు నాటకం కాదు. దోర్నాల ఘాట్ రోడ్డు మీద బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి లోయను చూసిన ఆనందమూ నాటకం కాదు. ఈ రెండిటినీ ఆమె ఎప్పుడూ విడదీసుకోలేదు. మన తిరునాళ్ళే అట్లా పుట్టాయి. గుడి ముందు గాజుల అంగళ్ళు, రంగులరాట్నం, బొరుగులు, మిఠాయి, దూరపు చుట్టాలు. దేవుడొక్కడే అయితే ఇంట్లో పటం చాలదా? ముస్లిం ఇళ్ళల్లో కసుమూరు దర్గాకి వెళ్ళొస్తామనే ఆడవాళ్ళ ముఖాల్లోనూ, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు బయల్దేరే క్రైస్తవ స్త్రీల ముఖాల్లోనూ ఇదే వెలుగు చూశాను. దళితవాడల్లో, గుడి గడప చాలాకాలం తెరుచుకోని చోట, ఉపవాస ప్రార్థనలూ, పక్క ఊళ్ళ కూటాలూ ఆ పని చేశాయి. చేలో వంగిన నడుము ఒక్కపూట నిటారుగా కూర్చోవడానికి, నలుగురు ఆడవాళ్ళతో కలిసి గొంతెత్తి పాడుకోవడానికి అదొక్కటే చోటు అయితే, దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే హక్కు మనకెక్కడిది?

కానీ దేవుడిచ్చే అనుమతి ఉచితం కాదు. ఆ చీటీ వెనక షరతులుంటాయి. బయట చేరితే ప్రయాణం ఆగిపోతుంది. అందుకని తేదీలు ముందుకూ వెనక్కూ జరపడానికి మాత్రలు మింగిన ఆడవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు? భర్త పోయినావిడ శుభకార్యానికి ఎదురు రాకూడదు, తీర్థయాత్రకు మాత్రం వెళ్ళొచ్చు, ఎందుకంటే ఇక ఆమెకు మిగిలింది అదే అని లోకం తీర్మానించింది కాబట్టి. యాత్రకు బయల్దేరినా వంట తప్పదు. పులిహోర, చపాతీలు, పచ్చళ్ళు, పిల్లల బట్టలు, మగవాళ్ళ మందులు సర్దుకుని సత్రంలో దిగాక మళ్ళీ స్టవ్ ముందే కూర్చుంటారు. కొండ మారింది, పొయ్యి మారలేదు.

అయ్యప్ప మాల సంగతే చూడండి. కార్తీకం వచ్చిందంటే గిద్దలూరులో వీధికి పదిమంది నల్లబట్టల స్వాములు కనిపిస్తారు. నలభై ఒక్క రోజుల దీక్ష. స్వామి దీక్ష సరే, ఆ దీక్షను నిజంగా మోసేదెవరు? తెల్లవారకముందే లేచి, చన్నీళ్ళతో తలస్నానం చేసి, మడిగా వండి, వేరే గిన్నెలు తోమి, బిక్షకు వచ్చిన స్వాములందరికీ వడ్డించే ఇంటావిడ. నెలసరి రోజుల్లో ఆవిడే పక్కింటికో, పుట్టింటికో వెళ్ళిపోవాలి. ఆ తర్వాత ఇరుముడి కట్టుకుని బస్సెక్కిన స్వాములు దారిలో అరుణాచలం, పళని, కన్యాకుమారి అన్నీ చూసుకుని వారం పది రోజులకు వస్తారు. సముద్రంలో మూడు రంగుల నీళ్ళు కలిసే చోట ఫొటోలు దిగుతారు. వాళ్ళను ఎవరూ ‘భక్తా, షికారా?’ అని నిలదీయరు. నిలదీయాలని నేనూ అనను. కొత్త ఊరు చూడాలనే కోరిక మనిషికి సహజం. ఆ సహజం ఒకరికే ఎందుకు?

2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు అన్ని వయసుల స్త్రీలూ శబరిమల వెళ్ళొచ్చని తీర్పిచ్చింది. అయిదుగురిలో నలుగురు ఒక మాట, ఒకరు వేరే మాట. ఆ ఒక్కరూ మహిళా న్యాయమూర్తి ఇందూ మల్హోత్రా. మత విశ్వాసాల్లో హేతుబద్ధత వెతకడం కోర్టుల పని కాదని ఆమె వాదన. 2019 జనవరిలో ఇద్దరు స్త్రీలు పోలీసుల కాపలాతో గుడి లోపలికి వెళ్ళొచ్చారు. అదే ఏడాది నవంబరులో కోర్టు ఈ విషయాలను విస్తృత ధర్మాసనానికి పంపింది. అప్పట్లో మా వీధిలో ఆడవాళ్ళే ఎక్కువమంది తీర్పును వ్యతిరేకించారు. ‘యాభై దాటాక పోతాం, ఇప్పుడేం తొందర’ అన్నారు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. దేవుడి పేరు చెప్పుకుని ఇల్లు దాటేవాళ్ళు దేవుడి పేర వచ్చిన నిషేధాన్ని ఎదిరిస్తే, రేపు మహానంది ప్రయాణం కూడా అనుమానంలో పడుతుంది. తమ చేతిలో ఉన్న ఒక్క అనుమతి పత్రాన్ని ఎవరు చింపుకుంటారు? అది వెనకబాటుతనం కాదు, లెక్క తెలిసిన భయం.

ఈ ఆలోచనలో పడ్డప్పుడల్లా నాకు అక్కమహాదేవి గుర్తొస్తుంది. పన్నెండో శతాబ్దంలో ఉడుతడి నుంచి కల్యాణానికి, కల్యాణం నుంచి శ్రీశైలానికి ఒంటరిగా, జుట్టే బట్టగా నడిచొచ్చిన స్త్రీ. మా నల్లమలలోనే ఆమె పేరున గుహలున్నాయి, శ్రీశైలం జలాశయం మీద పడవలో వెళ్తారు. ఇంత పెద్ద తిరుగుబాటుకు కూడా ఒక చిరునామా కావలసి వచ్చింది. కల్యాణంలో అనుభవ మంటపం, కులమూ లింగభేదమూ కాదన్న శరణుల సభ. అక్కడ కూడా అల్లమప్రభువు ఆమెను నీ భర్త ఎవరని అడిగాడని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. చెన్నమల్లికార్జునుడే అని ఆమె జవాబు. ఆ జవాబులో ఉన్న ప్రేమను నేను శంకించను. ఆమె వచనాలు చదివినవాళ్ళెవరూ శంకించలేరు. నా బాధల్లా ఆ ప్రశ్న గురించి. మగ శరణులను నీ భార్య ఎవరని అడిగి లోపలికి రానిచ్చారా? ఏ దేవుణ్ణీ ప్రేమించని ఒక స్త్రీ, భర్త ఇష్టంలేక, రాజు ఇష్టంలేక, ఊరికే అడవి చూడాలనిపించి అంత దూరం నడిచి ఉంటే, మనం ఆమెను అక్క అని పిలిచేవాళ్ళమా? పిచ్చిది అనేవాళ్ళం. పేరు కూడా మిగిలేది కాదు.

చదువుకున్న ఇంటి ఆడవాళ్ళకు దేవుడి బదులు వేరే కారణాలు దొరికాయి. పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్ళి చూసినవి రాసిన పుస్తకం 1876లో మద్రాసులో అచ్చయింది. మన ఆడవాళ్ళు సముద్రం దాటి కళ్ళారా చూసి రాసిన తొలి రచనల్లో అదొకటి. తర్వాత నాయని కృష్ణకుమారి గారి ‘కాశ్మీర దీపకళిక’ వచ్చింది. ఇట్లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి మా నల్లమల అంచుల్లోంచే వెళ్ళాడు. దారి, నీళ్ళు, బియ్యం ధరలు అన్నీ రాసిపెట్టుకున్నాడు. రాసుకునే తీరిక కూడా ప్రయాణంలో భాగమే. పక్కన వండిపెట్టే మనిషి ఉన్నప్పుడే అది దొరుకుతుంది.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ‘స్త్రీ శక్తి’ పేరుతో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి అయిదు రకాల బస్సుల్లో. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. అంతకుముందే 2023లో కర్ణాటకలో జూన్‌లో, తెలంగాణలో డిసెంబరులో వచ్చింది. వచ్చిన ప్రతిచోటా మొదట వినబడింది వెటకారమే. కర్ణాటకలో ఆడవాళ్ళు గుళ్ళకు ఎగబడుతున్నారని కార్టూన్లు. తెలంగాణ బస్సులో ఎవరో ఎల్లిగడ్డలు వలుచుకుంటూ కూర్చున్న వీడియో ఒకటి తిరిగింది. కుట్లు అల్లికలేం ఖర్మ, బ్రేక్ డాన్సులు కూడా చేసుకోండని ఒక ప్రముఖ నాయకుడు 2024లో అని, మర్నాడు విచారం తెలిపాడు. నన్నడిగితే ఆ వీడియోలో నవ్వాల్సిందేమీ లేదు (మా వైపు తెల్లగడ్డలంటాం, అవి ఎన్ని వలవాలో వలిచేవాళ్ళకే తెలుసు). బస్సెక్కినా ఇంటిపని ఒళ్ళో కూర్చునే వస్తుందన్నమాట. ‘పనీపాటా లేక తిరుగుతున్నారు’ అన్న మాట మాత్రం గట్టిగా ఆలోచించాల్సింది. పనీపాటా లేకుండా తిరగడం తప్పని ఎవరు చెప్పారు? మా ఊళ్ళో రైల్వే స్టేషను అరుగుల మీద, టీకొట్ల దగ్గర, రచ్చబండ మీద పొద్దస్తమానం కూర్చునేవాళ్ళెవరు?

‘వై లాయిటర్’ అని 2011లో ముగ్గురు స్త్రీలు, శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణడే, ముంబయి గురించి ఒక పుస్తకం రాశారు. అంత పెద్ద నగరంలో కూడా ఆడవాళ్ళు వీధిలో ఉన్నప్పుడు ఏదో పని మీద ఉన్నట్లు కనిపించాల్సి వస్తుందని అందులో చూపించారు. ఊరికే నిలబడే హక్కు అడగడం భద్రత అడగడం కంటే పెద్ద విషయమని వాళ్ళ వాదన. ఇది గిద్దలూరుకి ఇంకా బాగా వర్తిస్తుంది. భద్రత పేరు చెప్పి ఆపేవాళ్ళకు ఒకటి గుర్తుచేయాలి. 2012 డిసెంబరులో ఢిల్లీలో ఆ అమ్మాయి సినిమా చూసి ఇంటికి వెళ్తూ బస్సెక్కింది. దేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంటూనే ‘అంత రాత్రప్పుడు ఎందుకెళ్ళింది’ అని కూడా అడిగింది. ఆస్పత్రి నుంచి వస్తూ ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు. అంటే ముందు వాకిట్లో మురిపెంగా వినపడే ‘ఎందుకు?’ తర్వాత ఆమె మీదే సాక్ష్యమవుతుంది. కారణం ఉన్న ఆడదానికే జాలి, కారణం లేనిదానికి నేరం. ఆడవాళ్ళు మొక్కులు పుట్టించుకోవడంలో ఆశ్చర్యం ఉందా?

కాబట్టి కారణం కల్పించి చెప్పడం తప్పా అంటే, కాదంటాను. అడగకూడనిది అడిగినప్పుడు నిజం చెప్పి తీరాలన్న నీతి బలవంతుడికి అనుకూలమైన నీతి. కానీ ఆ అలవాటు మనిషికి చేసే నష్టం ఇంకోటి ఉంది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఆడవాళ్ళ గుంపు కనిపిస్తే ప్రశ్నలు వేయడం నాకు జబ్బు. ఒక పొదుపు సంఘం సమావేశంలో అడిగాను, ‘పది రోజులు సెలవు, ఖర్చు లేదు, ఇంట్లో అందరూ సరేనన్నారు. ఎక్కడికి పోతారు?’ అని. తిరుపతి. షిరిడీ. హైదరాబాదులో కొడుకు దగ్గరికి. పుట్టింటికి. బెంగుళూరులో కూతురు నీళ్ళోసుకుంది, అక్కడికి. చెప్పినవాళ్ళ తప్పు లేదు, అవి మంచి చోట్లే. కానీ ఎవరూ అడగని గదిలో, ఆపేవాళ్ళు లేని ఊహలో కూడా కారణం ఉన్న ఊళ్ళే వాళ్ళ నోటికొచ్చాయి. బయటి కావలివాడు లోపలికొచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. అబద్ధం మామగారికి చెప్పినంతసేపూ బాధ లేదు. కారణం లేని కోరికే పుట్టకుండా పోవడం, అదీ నష్టం.

చివర్లో ఇంటర్ చదివే ఒక పిల్ల, ఎవరితోనో కలిసి వచ్చి మూల కూర్చుంది, ‘సముద్రం’ అంది. అందరూ నవ్వారు. సముద్రంలో ఏముందే, నీళ్ళే కదా అన్నారు. నీళ్ళే అని మా ఊళ్ళో అనగలిగారంటే చూడండి!

1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటు చేసినప్పుడు గిద్దలూరు, మార్కాపురం తాలూకాలను కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు. 1972లో దానికే ప్రకాశం పేరొచ్చింది. 2025 ఆఖర్లో మార్కాపురం కేంద్రంగా వేరే జిల్లా అయ్యేదాకా, యాభై ఐదేళ్ళు సముద్రం మా జిల్లాలోనే ఉంది. కొత్తపట్నం తీరం కలెక్టరాఫీసుకి ఎంతో దూరం కాదు. సర్టిఫికెట్ల కోసం, పింఛను అర్జీల కోసం, కోర్టు వాయిదాల కోసం మా ఆడవాళ్ళు ఒంగోలు ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారు! పని అయిపోగానే తిరుగు బస్సు. అలలు చూడకుండానే ముసలివాళ్ళయిపోయినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఇప్పుడు ఆ అర్జీలు మార్కాపురంలోనే ఇవ్వొచ్చు. దూరం తగ్గింది, మంచిదే. ఒంగోలు వెళ్ళడానికి ఉన్న ఆ ఒక్క కారణమూ పోయింది.

ఉచిత బస్సు వచ్చాక ఒక మేలు జరిగింది. ‘ఛార్జీలు దండగ’ అన్న సాకు పోయింది. ఇప్పుడు వద్దనేవాళ్ళు అసలు మాట చెప్పాల్సి వస్తోంది. ‘ఇంట్లో వంటెవరు చేస్తారు’, ‘నలుగురూ ఏమనుకుంటారు’, ‘నీకెందుకంత సరదా’. సాకు పోయి అసలు మాట బయటపడితే కనీసం దాంతో తగువు పెట్టుకోవచ్చు.

మా పక్క వీధిలో ఒకావిడ, అరవై దాటినామె, మొన్న శీతాకాలంలో ఒకరోజు పొద్దున నంద్యాల బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చింది. కోడలు అడిగితే చీరల కొట్లో తగ్గింపు పెట్టారని చెప్పిందట. చేతిలో చీర లేదు. నాకు మాత్రం ఉన్నమాట చెప్పింది. నంద్యాల బస్టాండులో ఒక టీ తాగి, అదే దారిలో వెనక్కొచ్చింది. ఘాట్‌లో పొద్దున మంచు ఉందట. వెదురు పొదలు ఎండిపోయాయట. దిగువమెట్ట దాటాక రెండు నెమళ్ళు రోడ్డుకి అడ్డం వచ్చాయట. కండక్టరు పిల్ల ఆధార్ కార్డు చూసి టికెట్ కొట్టిచ్చింది గానీ ఎందుకెళ్తున్నావని అడగలేదంది. ‘వచ్చే నెల ఒంగోలు బస్సు ఎన్నింటికుందో కనుక్కో మే’ అని నాకు పని అప్పజెప్పింది. పొద్దున అయిదున్నరకి ఒకటుందని చెప్పాను.